పాత్ర అబద్ధమాడితే

ఒక బల్ల చుట్టూ అయిదుగురు మిత్రులు కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారనుకోండి. ఒకరు ఆట నడుపుతున్నారు. మిగతా నలుగురికీ తలా ఒక పాత్ర. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దేవుణ్ణి కొలిచి గాయాలు మాన్పే పూజారిణి, ఒకరు దొంగ. కథలో వీళ్లంతా కలిసి ఒక పాడుబడ్డ కోటలో దిగారు. చీకటి గది ఎదురైంది. ‘నేను ముందెళ్లి చూసొస్తాను, మీరిక్కడే ఉండండి’ అన్నాడు దొంగ. లోపల ఒక పెట్టె. పెట్టెలో 200 బంగారు నాణేలు, మూడు కెంపులు. దొంగ పాత్ర ఆడుతున్న కుర్రాడు ఒక చీటీ మీద ‘కెంపులు బూటులో దాచేస్తున్నాను’ అని రాసి, మడిచి, ఆట నడిపేవారి చేతిలో పెట్టాడు. తర్వాత తోటివాళ్ల వైపు తిరిగి, ‘200 నాణేలున్నాయి, ఇంకేం లేవు’ అన్నాడు.

చీటీ ఇప్పుడు ఆట నడిపేవారి చేతిలో ఉంది. దాన్ని వారేం చేయాలన్నదే ఈ పూట ప్రసంగం.

ఈ ఆట తెలియని శ్రోతలకు రెండు ముక్కలు చెబుతాను. ఇందులో గళ్ల బల్ల మీద ఎవరూ ఎవర్నీ ఓడించరు. ఆటగాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితో చెబుతారు. ఆట నడిపేవారిని డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. ఆ లోకాన్ని వర్ణించడం, అందులోని రాజులూ రాక్షసులూ సత్రం యజమానుల తరఫున మాట్లాడటం, తీర్పు చెప్పడం డీఎం పని. జరుగుతుందో లేదో తేలని పనికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. కథ వారాల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి సాగుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో 2016లో స్ట్రేంజర్ థింగ్స్ మొదలయ్యాక మన ఇళ్లలో పిల్లలకు కూడా ఈ ఆట పేరు తెలిసింది.

మన దొంగ దగ్గరికి వద్దాం. కథలో దొంగ అబద్ధమాడటం తప్పేమీ కాదు. దొంగ పాత్ర ఎంచుకున్నవాడు సత్యహరిశ్చంద్రుడిలా నడుచుకోవాలని ఎవరూ అడగరు. అయినా ఇలాంటి చీటీలు నాలుగు పడితే చాలు, చాలా బృందాలు చెదిరిపోతాయి. కెంపుల విలువ వల్ల చెదరవు. ఎందుకు చెదురుతాయో కొంచెం నిదానంగా చూడాలి.

నిజంగా నలుగురు సాహసికులు కలిసి తిరుగుతున్నారనుకోండి. ఒకడు సొత్తు దాచేశాడని తెలిస్తే మిగతా ముగ్గురూ ఏం చేస్తారు? తన్ని తగిలేస్తారు. కనీసం మరుసటి రోజు నుంచి వాడితో కలిసి నడవరు. బల్ల దగ్గర మాత్రం ఆ ముగ్గురూ అలా చేయలేరు. ఆ దొంగ పాత్ర ఆడుతున్నది వాళ్ల మిత్రుడు. పాత్రను తగిలేస్తే మిత్రుడు ఆ రాత్రికి ఆట లేకుండా కూర్చోవాలి. అందుకని యోధుడు పళ్లు బిగబట్టి దొంగను మళ్లీ వెంట తీసుకెళతాడు, పూజారిణి వాడి గాయాలకు మళ్లీ మంత్రం వేస్తుంది. కథలో ఏ దొంగకూ దొరకని రక్షణ ఈ దొంగకు కథ బయట దొరుకుతోంది. దొంగతనం చేసేటప్పుడు ‘ఇది కథే కదా’ అంటాడు, శిక్ష పడే వేళకు ‘మనం స్నేహితులం కదా’ అంటాడు. అన్యాయమంతా ఈ రెండు మాటల మధ్య ఉంది. డీఎం ఎన్ని నియమాలు పెట్టినా ఈ కవచాన్ని చూడకపోతే ప్రయోజనం లేదు.

మరి చీటీ అనే అలవాటు ఈ ఆటలోకి ఎలా వచ్చింది? దానికో చరిత్ర ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు ఒక యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. పటం మీద రెండు పక్షాల అధికారులు సేనలు నడుపుతారు. ఎవరి సైనికుల కంటికి ఆనింది వారికి మాత్రమే తెలుస్తుంది. ఉత్తర్వులు కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇవ్వాలి. మొత్తం దృశ్యం తెలిసినవాడు ఆ మధ్యవర్తి ఒక్కడే. అక్కడ రహస్యం అవసరం, ఎందుకంటే ఎదుటి పక్షం శత్రువు. 1880లో టాటన్ అనే అమెరికన్ సైనికాధికారి స్ట్రాటెగోస్ అనే పుస్తకంలో ఈ మధ్యవర్తి పద్ధతిని తన దేశానికి తెచ్చాడు. మిన్నెసోటాలో యుద్ధక్రీడలు ఆడే డేవిడ్ వెస్లీ చేతికి ఆ పుస్తకం చిక్కింది. 1969లో ఆయన బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణంలో ఒక ఆట నడిపాడు. సేనాధిపతులతో పాటు మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ అధిపతి వంటి పాత్రలు కూడా పంచాడు. ఎవరి లక్ష్యం వారిది, ఎవరి గుట్టు వారిది. ఆటగాళ్లు తమలో తాము మంతనాలు మొదలెట్టి ఆటను వెస్లీ చేతుల్లోంచి లాగేసుకున్నారు. చెడగొట్టుకున్నానేమోనని ఆయన అనుకున్నాడు, వాళ్లేమో ఇంకా కావాలన్నారు.

ఆ వరుసలో తర్వాత వచ్చిన ఒక ఆట లాటిన్ అమెరికాలోని కల్పిత దేశంలో సాగింది. అందులో డేవ్ ఆర్నెసన్ విప్లవకారుడి పాత్ర ఆడుతూ, తాను సీఐఏ మనిషినని తోటివాళ్లను నమ్మించి అందరికంటే పైచేయి సాధించాడని ఆనాటి ఆటగాళ్లు చెప్పుకుంటారు. ఆ ఆర్నెసనే తర్వాత బ్లాక్‌మూర్ అనే ఊహాలోకాన్ని సృష్టించాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. అంటే ఈ ఆట పుట్టుకలోనే మోసం ఒక కళగా ఉంది. దాన్ని తుడిచేయాలని నేను కోరను. కాని ఒక సంగతి గమనించండి. బ్రౌన్‌స్టైన్‌లో ఎవరికి వారే. ఎదుటివాడు అబద్ధమాడవచ్చని అందరికీ ముందే తెలుసు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నలుగురూ ఒక జట్టు. రహస్యం కాపాడే మధ్యవర్తి మాత్రం పాత ఆట నుంచి అలాగే నడిచి వచ్చాడు. శత్రువుల మధ్య న్యాయంగా ఉన్న చీటీ, మిత్రుల మధ్యకు వచ్చేసరికి మధ్యవర్తిని ఒక పక్షం మనిషిగా మారుస్తుంది. చీటీ అందుకున్న క్షణం నుంచి డీఎం దొంగ గుట్టు కాస్తున్నట్టే. మిగతా ముగ్గురికి తెలియని సంగతిని దాచుకుని వాళ్ల ముఖాల్లోకి చూస్తూ ఆట నడుపుతున్నట్టే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి కూర్పులో దొంగ అనే పాత్ర వర్గం లేదు. 1975లో గ్రేహాక్ అనే అనుబంధంతో వచ్చింది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ చూస్తే, మొదటి లెవెల్ దొంగకు జేబు కొట్టడంలో నెగ్గే అవకాశం నూటికి 30. రెండు పాచికలతో వందలోపు అంకె వేస్తారు. 30 లోపు పడితే పని అయినట్టే. 31 నుంచి 50 దాకా పడితే పని కాదు గాని ఎవరూ గమనించరు. అంతకు మించి పడితే ఆ మనిషికి తెలిసిపోతుంది. లెక్క వేసుకోండి, కొత్త దొంగ సగం సార్లు పట్టుబడతాడు. ఎదుటివాడు మూడో లెవెల్ దాటినవాడైతే దొంగ అవకాశం ఇంకా తగ్గుతుంది. దోపిడీకి గురైనవాడి హక్కు నియమాల్లోనే రాసి ఉందన్నమాట. తోటి యోధుడి జేబు మీద చెయ్యి వేసినప్పుడు పాచిక వేయించకుండా ‘సరే, దొరికింది’ అని తల ఊపే డీఎం పుస్తకం దొంగకు ఇవ్వనిదాన్ని తానే ఇస్తున్నాడు.

ఆ రోజుల్లో ఇంకో కోణం కూడా ఉంది. అప్పటి నియమాల ప్రకారం కోట నుంచి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. పాయింట్లు పెరిగితే లెవెల్ పెరుగుతుంది. 1981 నాటి బేసిక్ కూర్పులో రెండో లెవెల్ చేరడానికి దొంగకు 1,200 పాయింట్లు చాలు, యోధుడికి 2,000 కావాలి, మంత్రగాడికి 2,500. కెంపుల విలువ దొంగ ఖాతాలోకి చేరితే, ముందే సులువుగా ఉన్న వాడి మెట్టు ఇంకా సులువవుతుంది. మిగతావాళ్లు పోగొట్టుకున్నది సొమ్ము ఒక్కటే కాదు, ఎదుగుదల కూడా. నిధి లెక్క ప్రకారం పాయింట్లిచ్చే పాత నియమాలతో ఇప్పటికీ ఆడే బృందాలు ఉన్నాయి. అలాంటి డీఎంలకు నా మనవి: దాచిన సొత్తుకు పాయింట్లు ఇవ్వకండి, లేదా అందరికీ సమానంగా పంచండి. ఏది చేస్తారో మొదటి రోజునే చెప్పండి. ఇదొక్కటి చేస్తే సగం దొంగతనాలు వాటంతట అవే ఆగుతాయి.

పాతకాలం డీఎంలు తప్పు చేసిన పాత్రను ఎలా దండించేవారో కూడా చెప్పుకోవాలి. ఈ ఆటలో ప్రతి పాత్రకూ అలైన్‌మెంట్ అనే నైతిక ధోరణి ఉంటుంది. మొదట ధర్మం, తటస్థం, అరాచకం అని మూడే. తర్వాత మంచి, చెడు కూడా చేరి తొమ్మిది గళ్లయ్యాయి. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్, ప్రతి పాత్ర నడతనూ ఒక పటం మీద గుర్తించుకుంటూ పొమ్మని డీఎంకి చెబుతుంది. పాత్ర తన గడి దాటి జరిగిపోతే లెవెల్ కోత పడుతుంది. అదే పుస్తకంలో, అల్లరి పెట్టే ఆటగాడి పాత్ర నెత్తిన ఆకాశం నుంచి నీలం పిడుగులు వేయవచ్చనీ, ఆ పాత్ర ఆకర్షణలో ఒక పాయింటు శాశ్వతంగా తీసేయవచ్చనీ గైగాక్స్ సూచించాడు.

గైగాక్స్ లేకపోతే ఈ ఆటే లేదు. ఆయన మీద గౌరవంతోనే అంటున్నాను, ఈ రెండు పద్ధతులూ న్యాయం కావు. మొదటిదానిలో ఆటగాడు చూడని ఖాతా ఒకటి డీఎం దగ్గర పెరుగుతూ ఉంటుంది. ఏ పనికి ఎంత జమ పడిందో తెలియకుండానే ఒక రోజు తీర్పు వచ్చి పడుతుంది. రెండోదానిలో ఆటగాడి తప్పుకు పాత్ర దెబ్బ తింటుంది. దొంగ చేసిన పనికి శిక్ష పిడుగు రూపంలో వస్తే ఆ పిడుగు ఎక్కడి నుంచి వచ్చిందో బల్ల దగ్గర ప్రతివాడికీ తెలుసు. అది డీఎం కోపం. దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు, దొంగ ఆటగాడు మాత్రం ఈసారి ఇంకా జాగ్రత్తగా దాస్తాడు. 2014లో వచ్చిన అయిదో కూర్పులో అలైన్‌మెంట్ శిక్షలు దాదాపు కనుమరుగయ్యాయి. అది మంచి మార్పు.

పర్యవసానం కథలోంచే రావాలి. ఇది ఎలా ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, భారతంలో ద్రోణ పర్వం ఉంది. అశ్వత్థామ చనిపోయాడా అని ద్రోణుడు అడిగింది ధర్మరాజునే. అంతమంది ఉండగా ఆయన్నే ఎందుకు అడిగాడు? అంతవరకు ఆయన నోట అబద్ధం వినలేదు కాబట్టి. చనిపోయాడన్న ఆయన మాట పని చేసింది, యుద్ధం మలుపు తిరిగింది. అంతదాకా నేలకు నాలుగు అంగుళాల పైన నడిచిన ఆయన రథం అందరి రథాల్లాగే నేల మీదికి దిగింది. ఆ క్షణాన పిడుగు పడలేదు, ఎవరూ వచ్చి ధర్మరాజును దండించలేదు. ఆయన ఏ పేరును ఖర్చు చేశాడో ఆ పేరు తగ్గింది. మన దొంగకూ ఇదే కొలత. కెంపులు అమ్మాలంటే నగరంలో రత్నాల వర్తకుడి దగ్గరికి వెళ్లాలి. ఆ వర్తకుడికి నోరుంది. ఆ కోటలో కెంపులుండేవని ఊళ్లో ముసలివాళ్లకు తెలుసు. దొంగ సత్రంలో ఖర్చు పెట్టే తీరు తోటి పాత్రల కంటపడుతుంది. ఇవన్నీ డీఎం నిజాయితీగా అడగాల్సిన ప్రశ్నలు: ఎవరికి అమ్మావు, ఎక్కడ దాచావు, ఎవరు చూశారు? జవాబుల్లోంచి ఏది పుడితే అది జరగాలి. దొరక్కుండా తప్పించుకునే అవకాశమూ నిజంగా ఉండాలి, దొరికిపోయే అవకాశమూ నిజంగా ఉండాలి. ముందే నిర్ణయించేసుకుని పాచిక వేయిస్తే అది మళ్లీ పిడుగే.

ఇంకో మెట్టు లోతుకు వెళదాం. డీఎం రెండు గొంతులతో మాట్లాడతాడు. ఒకటి పాత్రల గొంతు. సత్రం యజమాని అబద్ధమాడవచ్చు, మంత్రి విషం కలపవచ్చు, బిచ్చగాడు రాజు కావచ్చు. రెండోది లోకాన్ని చూపించే గొంతు. తలుపు మూసి ఉంది, గదిలో పొగ వాసన వస్తోంది, నీకు పన్నెండు దెబ్బలు తగిలాయి అని చెప్పే గొంతు. ఈ రెండో గొంతు ఒక్కసారైనా అబద్ధమాడితే ఆట కూలిపోతుంది, ఎందుకంటే ఆటగాళ్లకు ఆ లోకాన్ని చూసే కళ్లు అవే. చీటీ అందుకున్న డీఎంకి అసలు ప్రమాదం ఇక్కడే. పూజారిణి పాత్ర ఆడుతున్న అమ్మాయి ‘పెట్టెలో ఇంకేమైనా ఉండేదా? ఆ పెట్టె నేనూ చూస్తాను’ అంటుంది. పెట్టె లోపల పట్టుగుడ్డలో మూడు గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటల సంగతి చెప్పాలా? చెప్పాలి. అడిగింది చూస్తానని, చూస్తే కనిపించేది అదే. దొంగకు ఇబ్బందని ఆ గుంటలను మింగేస్తే, అంతవరకు దొంగ పాత్ర ఆడిన అబద్ధం ఇప్పుడు డీఎం ఆడినట్టవుతుంది.

అందుకే నా సలహా ఒకటే: చీటీని తెరిచి బల్ల మీద పెట్టండి. ‘దొంగ మూడు కెంపులు బూటులో దాచాడు, బయటికొచ్చి నాణేలే ఉన్నాయంటున్నాడు. మీ పాత్రలకు ఇది తెలియదు. మీకు తెలుసు. ఎలా సాగిద్దాం?’ అని అందరి ముందూ అడగండి. చాలామంది దీనికి వెంటనే అభ్యంతరం చెబుతారు. అందరికీ తెలిసిపోతే ఇంకేం మజా అంటారు. మన నాటకాలు చూడండి. మారువేషంలో వచ్చింది ఎవరో ప్రేక్షకులకు మొదటి నుంచీ తెలుసు, పక్కన నిలబడ్డ పాత్రకు తెలియదు. ఆ తెలియకపోవడంలోనే రక్తి అంతా ఉంది. బల్ల దగ్గర ఆటగాళ్లు నటులూ ప్రేక్షకులూ కూడా. యోధుడి పాత్ర ఆడుతున్న వ్యక్తికి కెంపుల సంగతి తెలిస్తే, తన యోధుడి చేత దొంగ బూటులోని రాయి గురించి అమాయకంగా ‘కుంటుతున్నావేం’ అని అడిగించగలడు. బల్ల చుట్టూ నవ్వులు పూస్తాయి. దొంగతనం నలుగురి కథ అవుతుంది. రహస్యంగా ఉంచితే ఆ కథ ఇద్దరిదే, మిగతావాళ్లకు దాని ఫలితం మాత్రం మిగులుతుంది.

అందరికీ తెలిసినా రక్తి చెడదనడానికి ఇంకో రుజువు 1984లో వచ్చిన పారనాయా అనే ఆట. కంప్యూటర్ పాలించే భూగర్భ నగరంలో జరుగుతుంది. ప్రతి పాత్రా ఒక రహస్య సంఘంలో సభ్యుడే, ప్రతి పాత్రకూ ఒక అసహజ శక్తి ఉంటుంది, రెండూ మరణశిక్ష పడే నేరాలే. జట్టులో ప్రతివాడి పని పక్కవాణ్ణి పట్టివ్వడం. చీటీలు గుట్టలుగా నడుస్తాయి. అయినా స్నేహాలు చెడవు, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చునేటప్పుడే ద్రోహం ఖాయమని అందరికీ తెలుసు. పైగా ఒక్కో పాత్రకూ ఆరు నకళ్లుంటాయి, ఒకటి చస్తే ఇంకొకటి వస్తుంది. పోయేది తక్కువ, కాబట్టి నవ్వుకోగలుగుతారు. రెండేళ్లుగా పెంచుకున్న యోధుడి వంశఖడ్గాన్ని పక్కవాడు అమ్మేసుకుంటే ఆ నవ్వు రాదు. మోసం ఎంతవరకు భరించవచ్చో తేల్చేది దానికి ముందు కుదిరిన ఒప్పందమూ, దానివల్ల పోయేదాని విలువా.

పాచికల విషయంలోనూ ఒక మాట. అయిదో కూర్పులో అబద్ధమాడేవాడు డిసెప్షన్ పాచిక వేస్తే, వినేవాడు ఇన్‌సైట్ పాచిక వేస్తాడు. డీఎం నడిపే పాత్రల మీద ఇది చక్కగా పని చేస్తుంది. ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్ర మీద వాడితే చిక్కు. పాచిక పెద్దది పడింది కాబట్టి నువ్వు నమ్మి తీరాలి అంటే, ఆ ఆటగాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క వస్తువు, అంటే తన పాత్ర మనసు, లాగేసుకున్నట్టు. నమ్మాలో లేదో ఎదుటి ఆటగాడికే వదిలేయండి. కావాలనుకుంటే అతనే పాచిక వేసుకుంటాడు. చేతివాటం మాట వేరు. అక్కడ మనసు ప్రసక్తి లేదు, కన్ను పసిగట్టిందా లేదా అన్నదే. దానికి ఈ కూర్పులో మంచి రక్షణ ఉంది. ప్రతి పాత్రకూ పాసివ్ పర్సెప్షన్ అని ఒక అంకె ఉంటుంది. పదికి ఆ పాత్ర గమనింపు శక్తి కలిపితే వచ్చే అంకె అది. దొంగ వేసిన పాచిక దాన్ని దాటాలి. ‘నేను జేబు చూసుకుంటున్నా’ అని యోధుడు ప్రతి అయిదు నిమిషాలకూ చెప్పనక్కర్లేదు. ఏమీ అడగనివాడు కూడా కాపలాలోనే ఉన్నట్టు లెక్క.

అనుమానం వచ్చాక విచారణ ఎలా? దానికీ ఆటలో పనిముట్టు ఉంది. జోన్ ఆఫ్ ట్రూత్ అనే రెండో లెవెల్ మంత్రం. పదిహేను అడుగుల వ్యాసార్ధంలో పది నిమిషాల పాటు, మంత్రానికి లొంగినవాళ్లెవరూ తెలిసి అబద్ధమాడలేరు. ఎవరు లొంగారో ఎవరు తప్పించుకున్నారో మంత్రం వేసినవారికి తెలుస్తుంది. లొంగినవాడికీ తాను మంత్రంలో ఉన్నానని తెలుస్తుంది, నోరు మూసుకోవచ్చు, మాట దాటవేయవచ్చు. నాకు ఈ మంత్రం రాసిన తీరు ఎంతో ఇష్టం. ప్రశ్నించేవారి హక్కూ, నిలబడ్డవాడి హక్కూ రెండూ అందులో ఉన్నాయి. బలవంతంగా ఒప్పించదు, అబద్ధాన్ని మాత్రం ఆపుతుంది. పూజారిణి ఈ మంత్రం వేసి ‘పెట్టెలో ఏముండేది?’ అని అడిగినప్పుడు దొంగ ‘చీకటిగా ఉంది’ అని జవాబిస్తే, అక్కడి నుంచి సాగే సంభాషణ ఏ యుద్ధానికీ తీసిపోదు.

ఇదంతా పట్టుబడ్డాక. ముందే ఏం చేయవచ్చంటే, పాత్రలు తమలో తాము ఒప్పందం రాసుకోవచ్చు. 1722లో చనిపోయిన బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే సముద్రపు దొంగ ఓడ మీద ఇలాంటి ఒప్పందం ఉండేది. రెండేళ్ల తర్వాత అచ్చయిన పైరేట్ల చరిత్ర పుస్తకంలో దాని షరతులు ఉన్నాయి. ఉమ్మడి సొత్తులో ఒక డాలరు విలువ దాచినా దిక్కులేని దీవిలో వదిలేయడం శిక్ష. ఒకరినొకరు దోచుకుంటే ముక్కూ చెవులూ చీల్చి, జనం ఉన్నచోటే అయినా కష్టాలు తప్పని తీరాన దించేసేవారు. పది దేశాల ఓడలు దోచేవాళ్లకు కూడా తమలో తమకు లెక్క తప్పితే ఓడ నడవదని తెలుసు. సాహసికుల బృందం మొదటి సత్రంలో కూర్చున్నప్పుడే వాటాలెలా, దాచితే ఏమిటి, వెళ్లిపోయేవాడికి ఏమిస్తారు అని పాత్రల గొంతుల్లోనే మాట్లాడుకుంటే, స్నేహం ఇచ్చే ఆ కవచం అక్కడే సగం ఊడిపోతుంది. తర్వాత దొంగను గెంటేస్తే అది యోధుడి కోపం అనిపించుకోదు, దొంగ సంతకం పెట్టిన షరతు.

ఇక, పట్టుబడిన ప్రతి ఆటగాడూ చెప్పే మాట ఒకటుంది. ‘నేనేం చేయను, నా పాత్ర అలాంటిది.’ ఆ పాత్రను రాసింది ఎవరు? ఏ దొంగకైనా వంద పనులు చేయడానికి కారణాలుంటాయి. ఈ జట్టును మాత్రం దోచుకోను అనడానికీ ఒక కారణం దొరుకుతుంది. పూజారిణి ఒకసారి ప్రాణం కాపాడింది, అది చాలు. ఆ కారణం వెతకమని ఆటగాణ్ణి అడగడం అతని స్వేచ్ఛను తీసేయడం కాదు. రచయితను ఇంకాస్త బాగా రాయమని అడగడం.

పాచిక ఎనిమిది పడితే పద్దెనిమిది అని చెప్పేవాడి సంగతి పూర్తిగా వేరు. అక్కడ పాత్ర లేదు, మనిషే ఉన్నాడు. డచ్ చరిత్రకారుడు హైజింగా 1938 నాటి పుస్తకంలో, మోసగాడు పైకి ఆటను ఒప్పుకుంటూనే ఉంటాడని గమనించాడు. ఆటలో ఉండాలనే కోరిక అతనిలో ఉంది కాబట్టే మోసం చేస్తాడు. అలాంటివాడితో అందరూ వెళ్లాక విడిగా, మెల్లగా మాట్లాడితే చాలాసార్లు సరిపోతుంది. ఓడిపోవడమంటే భయమా, పాత్ర చనిపోతుందని దిగులా అని అడగాలి. కథలో అతని పాత్రకు ఏ శిక్షా వేయకూడదు.

మన ఇళ్లలో ఆడేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. సెలవులకు చేరిన పిల్లల్లో అన్నయ్య దొంగ పాత్ర తీసుకుని చెల్లెలి పాత్ర ఉంగరం కొట్టేశాడనుకోండి. ‘ఏమ్మా, నీకు పర్వాలేదా?’ అని అందరి ముందూ అడిగితే ఆ అమ్మాయి ‘పర్వాలేదు’ అనే అంటుంది. పెద్దవాడి మాట కాదనడం మన పిల్లలకు అలవాటు లేదు. ఆఫీసు మిత్రుల బృందంలో టీమ్ లీడ్ దొంగ అయితే అదే పరిస్థితి. అందుకే డీఎం ఆ ప్రశ్నను దొంగతనం జరిగినప్పుడు అడగకూడదు, ఆట మొదలు కాకముందే అడగాలి. ఎవరి అభిప్రాయం వారు కాగితం మీద రాసి, పేరు లేకుండా ఇస్తే ఇంకా మంచిది. ‘జట్టులో ఒకరినొకరు దోచుకోవచ్చా?’ ఒక్కరు వద్దన్నా వద్దు. మెజారిటీ లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దోపిడీ జరిగేది ఆ వద్దన్నవారి మీదే కావచ్చు.

అన్నీ చేశాక కూడా ఒక రోజు జట్టు దొంగను వెళ్లిపొమ్మనవచ్చు. అప్పుడు డీఎం అడ్డుపడకూడదు. పాత్ర వెళుతుంది, ఆటగాడు ఉంటాడు. అతనికి ఆ రాత్రే కొత్త పాత్ర రాసుకునే అవకాశం ఇవ్వాలి, మిగతావాళ్ల లెవెల్‌లోనే, వెనకబడకుండా. చీకటి గది పక్క గదిలో బందీగా దొరికిన విలుకాడో, దారి తప్పిన పాటగాడో కావచ్చు. పాత దొంగను కావాలంటే డీఎం తీసుకుని నడపవచ్చు, కాని అతన్ని సృష్టించిన ఆటగాడి అనుమతి అడిగాకే. కెంపులు దొంగ వెంటే పోతాయా, ఒప్పందం ప్రకారం జట్టుకు చెందుతాయా అన్నది ఆ పాత్రలే కోట గుమ్మంలో నిలబడి తేల్చుకోవాలి. దానికి ఎంతసేపు పట్టినా డీఎం మధ్యలో రాక్షసుణ్ణి దింపకూడదు.